ఆరో బొత్తం

సీసం అక్షరాలు తిరగేసి ఉంటాయి.
ముప్పై ఏళ్ళుగా లోకాన్ని కుడి నుంచి ఎడమకి చదువుతున్నవాణ్ణి.
పుస్తకంలో ఏముందని అడిగితే
ఏ అక్షరం ఎన్ని అరిగిపోయిందో చెప్పగలను,
అంతకుమించి అడక్కండి, అనేవాణ్ణి.

ఆ ఏడు మే నెలలో మంచు కురిసి
ద్రాక్షతోటలు నల్లబడ్డాయి.
మా యజమాని హాబర్‌కోర్న్ దగ్గరికి
ఒక న్యాయపండితుడు రాతప్రతి తెచ్చాడు,
పసిబిడ్డని తెచ్చినట్టు, గుడ్డలో చుట్టి.
దయ్యాల కొలువు గురించి.
ఎవరెవరు వెళ్తారు, దేనిమీద ఎగిరి వెళ్తారు,
అక్కడి విందులో ఉప్పు ఎందుకుండదు.
చివర తొంభైరెండు ప్రశ్నలు,
పట్టుబడ్డ ఆడదాన్ని ఏ వరసలో అడగాలో.
జవాబులు ప్రశ్నల్లోనే ఉన్నాయి.
'ఔను' ఒక్కటే ఆమె వంతు.

రాత్రుళ్ళు కూర్చాను. నలభయ్యో ప్రశ్న దగ్గర కునికిపాటు.
'సింహాసనం మీద నల్ల మేకపోతు కూర్చుని ఉందా?'
మా జర్మన్‌లో మేకపోతుకీ కోటుకీ
తొలి అక్షరం ఒక్కటే తేడా.
వేళ్ళు వేరే గడిలోకి పోయాయి.
'సింహాసనం మీద నల్ల కోటు కూర్చుని ఉందా?'
ఎనిమిది వందల ప్రతులు.
ఎవరూ చూడలేదు. నేనూ.

మూడేళ్ళ తర్వాత వాంగ్మూలాలు అచ్చుకి రావడం మొదలైంది,
సంతలో చిల్లర డబ్బులకి అమ్మే కాగితాలు.
మంత్రసాని ఒకతె: 'ఔను, కోటు. లోపల ఎవరూ లేరు.'
మిల్లువాడి వితంతువు: 'చేతులు లేకుండా చేతులు ఊపింది.'
పదకొండేళ్ళ పిల్ల: 'ముద్దు పెట్టమన్నారు. తడిసిన ఉన్ని వాసన.'
నదికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా
ఒకరి మొహం ఒకరెరగని ఆడవాళ్ళు
నా కునుకుని ప్రమాణం చేసి చెప్పారు.

యజమానికి చెప్పాను, నాలుక పిడచకట్టి.
ఆయన తలుపు గడియ వేసొచ్చి అన్నాడు:
'పద్నాలుగు ఊళ్ళు సాక్ష్యం పలికాక
అది తప్పెలా అవుతుందయ్యా?'
పండితుడికి ఉత్తరం రాశాను, సంతకం పెట్టకుండా.
రెండో కూర్పు వచ్చింది, కొత్త అధ్యాయంతో:
సైతాను వట్టి కోటుగానే ఎందుకు కనబడతాడంటే
ఒంటిని ఇచ్చేది దేవుడు,
వాడికి మిగిలింది తొడుగు మాత్రమే.
బాగా రాశాడు. నేనే కూర్చాను.
ముద్రారాక్షసాలని ఊరికే అనలేదు మరి.

మసీ అవిసెనూనే కలిపితే సిరా.
ఆ శీతాకాలం మసి కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు,
ఊరిబయటి నుంచి వచ్చి కిటికీల మీద వాలేది.

నిన్న వచ్చిన కాగితం ఒట్టీలియా క్రుమ్‌ది.
కుట్టుపని. మా సందు చివరిల్లు.
పంటికింద సూదులు పెట్టుకుని
వాటి మధ్య నుంచే నవ్వేది.
మొదటి రోజు ఏమీ తెలియదంది.
రెండో రోజు, తాడుకి కట్టి పైకి లాగాక, కోటు అంది.
ఎలాంటి కోటని అడిగారు.
పాపం, పని తెలిసిన మనిషి,
కల్పించడం చేతకాక చేతికి తెలిసిందే చెప్పింది:
మోచేతి దగ్గర బూడిదరంగు మాసిక,
మెడపట్టీ లోపల ఎర్రదారం,
ముందు ఏడు బొత్తాలు, ఆరోది వదులు,
'బిగిస్తాను తెమ్మన్నాను. తేలేదు.'

తల వంచి చూసుకున్నాను.

ఆ పంక్తులూ కూర్చాను.
ఏడుని పది చేశాను. మాసిక తీసేశాను. ఎర్రదారం కూడా.
ముప్పై ఏళ్ళలో తెలిసి చేసిన తప్పులు అవే,
అవీ ఆమె కోసం కాదు.

బొత్తం తెంపి చేతికందిన గడిలో పడేసి
మంచులో, కోటు లేకుండా, ఇంటికి నడిచాను.
రేపో మాపో పనికుర్రాడు యోస్ట్
ఏదో అక్షరం కోసం తడుముకుంటూ దాన్ని పైకి తీస్తాడు,
ఇదెవరిదని అడుగుతాడు.
జవాబు ఇంకా కూర్చలేదు.