పావు డాలరు

నేలమాళిగ గోడలో పగులు మొదట
వెంట్రుకంత.
నార్మండ్ దాని పక్కన పెన్సిలుతో
మార్చి తొమ్మిది అని రాశాడు,
ఎదిగే పిల్లల పొడుగు రాసినట్టు.
జూన్‌కి పది సెంట్ల నాణెం దూరింది.
కిందటేడు అక్టోబరుకి పావు డాలరు.
ఇప్పుడు నా అరచెయ్యి పడుతుంది,
ఉంగరం తీస్తే.

కాంక్రీటులో కలిపిన రాయే చెడ్డదట.
ముప్పై ఆరేళ్ళు నోరు మూసుకుని
కనెక్టికట్ వానలన్నీ తాగి
లోపల్లోపలే ఉబ్బిందట.
పరీక్షకొచ్చినాయన సుత్తి బయటికి తీయనే లేదు.
బొటనవేలితో గీకాడు.
ఎండు రొట్టెలా పొడై రాలింది.

బీమా కంపెనీ జవాబు ఒక్క వాక్యం:
కూలితే ఇస్తాం, కూలుతూ ఉంటే ఇవ్వం.

బాకీ లక్షా డెబ్బై ఆరు వేలు.
ఇంటిని జాకీల మీద ఎత్తి
కింద కొత్త గోడ కట్టాలంటే ఇంకో రెండు లక్షలు.
నేను స్కూలు బస్సు నడుపుతాను, పద్నాలుగో నంబరు.
ఎర్ర పలక బయటికి చాచగానే
రెండు వైపులా కార్లన్నీ ఆగుతాయి.
వడ్డీ ఒక్కటే ఆగదు.
పిల్లలు దిగి రోడ్డు దాటేలోగా
ఒక్కో దారీ ఆలోచిస్తాను.

కట్టడం మానేస్తే బ్యాంకే వస్తుంది.
తాళం దానిది, పగులూ దానిదే.
మా వాకిట్లోనే వేలం పాడతారు,
పొరుగువాళ్ళు కాఫీ కప్పులతో నిలబడి చూస్తారు.
డ్రిస్కల్ వాళ్ళ ఇంటి ముందు నేనూ చూశాను.
కప్పు నా చేతిలోనూ ఉంది.

బాకీకంటే తక్కువకే తెగనమ్మాలంటే
బ్యాంకు తలూపాలి, కొనేవాడు దొరకాలి.
వచ్చాడొకడు, బురద బూట్లతోనే.
జేబులోంచి గోళీ తీసి వంటింటి నేలమీద వదిలాడు.
అది క్షణం ఆలోచించకుండా
ఫ్రిజ్ కిందికి పోయింది.
అతనన్న ధరకి మంచి ట్రక్కు రాదు.
గోళీ కూడా తీసుకోకుండా వెళ్ళాడు.

ఇక ఐపీ.
లాయరు వోయ్‌టాస్ ఆ మాటను
పళ్ళ డాక్టరు సూదిని దాచినట్టు
వెనక పెట్టుకునే మాట్లాడింది.
నార్మండ్ వినగానే లేచి
మంచు తోయాలంటూ బయటికి నడిచాడు.
మంచు లేదు. నవంబరు మొదటి వారం.
మిల్లు మూతపడ్డా మా నాన్న
కిరాణా కొట్టు బాకీ ఆఖరి సెంటు దాకా తీర్చాడు,
అన్నాడు కారులో.
మీ నాన్న కాళ్ళ కింద నేల ఉంది, అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
వదిలి చూడమని ఒక్కరూ అనలేదు.

ఫారంలో ఉన్నవన్నీ రాయాలి, వెల వేయాలి.
మంచు తోసే యంత్రం, నూట ఇరవై.
కుట్టుమిషను, నలభై.
నార్మండ్ బొమ్మ రైళ్ళు,
ఆయన గదిలోంచి వెళ్ళాక రాశాను.
ఇల్లు అన్న చోట
లాయరు నా ముఖం చూసి, తరవాత రాద్దాం, అంది.
ఏదీ దాచలేదని ప్రమాణం చేసి
అడుగున సంతకం.
అప్పుడు పావు డాలరు గుర్తొచ్చింది.
ఆ రోజు కొలిచి తీయబోతుంటే
వేళ్ళలోంచి జారి గోడలోకి పోయింది.
దేనికీ తగిలిన చప్పుడు లేదు.
చెవి ఆనించి చాలాసేపు విన్నాను.
అదింకా మాదే.
రాయాలా అని అడగలేదు.
పెన్నుకి మూత పెట్టి ఇంటికొచ్చాను.

ఈ పొద్దున హీటరు నూనె లారీ వచ్చింది.
డ్యూయీ గొట్టం లాగుతూ
ఏటా అడిగినట్టే, నిండా పోయమంటారా, అన్నాడు.
వంద గ్యాలన్లు చాలన్నాను.
క్రిస్మసు దాటదే, అన్నాడు.
తెలుసన్నాను.
అతనింకేం అడగలేదు.
ఈ వీధిలో అతనికిది మూడో ఇల్లు.

నార్మండ్ కిటికీ దగ్గర నిలబడి చూశాడు,
మీటరులో అంకెలు తిరగడం,
తొంభై తొమ్మిది దాకా రావడం,
ఆగడం.