పెనం ఒగ్గేదాకా

గుణుపురం బస్టాండు వెనక మెట్ల మీద
వాన నీళ్ళకి జారి
కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది తవిటమ్మ.
నలభై రోజులు పిండికట్టు.
డాక్టరు నా వైపు చూసి, "మరి వంట?" అన్నాడు.

స్తంభాలెక్కి దిగిన చేతులివి.
పదకొండు వేల వోల్టులకి బెదరలేదు గాని
ఆవాలు చిటపటమంటే అడుగు వెనక్కేశాను.

ఆవిడ వసారాలో మంచం మీద, నేను లోపల.
మధ్యన గోడ, గోడకో కిటికీ,
కిటికీకి ఆవిడ చెవి.

"నూనె కాగనేదు. జీలకర్ర మునిగిపోనాది."
మునిగిన జీలకర్ర చప్పుడు చెయ్యదు కదే!
"అదే, చప్పుడు నేదు. అదే ఇనబడింది."

బెండకాయలు కడిగి, కడిగినట్టే తరిగాను.
మూకుడు నిండా జిగురు.
"తుడవాల. తుడిచి ఆరబెట్టి, అప్పుడు కత్తి.
మూతెట్టకు.
తోటకూరకీ ఎట్టకు, రంగు పోతాది.
కందకెట్టు. కంద ఎవుల్నీ నమ్మదు,
సన్నమంట మీద బుజ్జగించాల."

సంతలో వంశధార బొచ్చె కొన్నాను.
అమ్మినవాడు ఒరియాలో ధర చెప్పి
తెలుగులో ఒట్టేసుకున్నాడు.
ఉప్పూ పసుపూ రాసి పావుగంట ఉంచి
పెనం మీద వేశానో లేదో, అట్లకాడ పట్టాను.
"ఒగ్గేయ్!"
గోడ అవతలి నుంచి కేక.
"కాలిన చేప తనే పెనాన్ని ఒగ్గేస్తాది.
ఒగ్గనేదంటే దానికింకా పనుందన్నమాట."
నేనాగలేదు.
ముక్క మూడయింది, తోలు పెనానికే ఉండిపోయింది.

"ఇరిగినవి నా కంచంలో ఎయ్యి."
ఎందుకే?
"అలవాటేలే."

ముప్పై ఒక్క ఏళ్ళు.
నా కంచంలోకి ఎప్పుడూ నిండు ముక్కే వచ్చింది.
మా ఇంట్లో చేప విరగదనుకునేవాణ్ణి.

పక్కింటి బసంతి మావుసి చూడ్డానికొచ్చి
ఆవ నూరడం నేర్పింది.
ఉప్పేసి, తడి చేసి నూరాలట, లేకపోతే చేదట.
అక్కడిదాకా ఇద్దరిదీ ఒకటే మాట.
ముక్కలు ఆవముద్దలోనే ఉడకాలంది మావుసి.
దించేకే కలపాలంది మంచం.
సగం ఉడికేటప్పుడూ సగం దించేకా వేశాను.
ఇద్దరూ తిట్టారు. ఇద్దరూ తిన్నారు.

మేకమాంసం నాడు నీళ్ళ చెంబు ముట్టనివ్వలేదు.
"ముందు దాని నీరు దాన్నే తాగనీ.
బుడబుడ పోయి సిరసిరలాడినప్పుడు కారం.
అటెనక వేన్నీళ్ళు.
సన్నీళ్ళు పోసేవంటే అలుగుతాది,
ఇంక పొద్దుగూకినా మెత్తబడదు."
ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమంటే
లోడెంతో చెప్పే చెవి నాది.
గిన్నె మీదకి వంగి అదే చెవి పెట్టాను.
బుడబుడ... బుడ... బుడ...
సిర్ర్‌మంది.
"ఇప్పుడు!" అన్నాం, అటొకరూ ఇటొకరూ.

కట్టు విప్పిన రోజు
ఆవిడ చెయ్యి పొట్టు రాలుతూ, సన్నగా,
వేరేవాళ్ళ చెయ్యిలా ఉంది.
అయినా పొయ్యి దగ్గరకెళ్ళిపోయింది.
నేను మంచం మీద కూర్చున్నాను.
చేప పడింది. నూనె మాట మొదలెట్టింది.
అట్లకాడ కదిలింది.

"ఇంకా ఒగ్గనేదే," అన్నాను.

లోపల కాసేపు ఏమీ లేదు.
"నాకు సెప్తున్నావేటి?"
తరవాత గీకుడు,
ఆ తరవాత నవ్వో విసుగో తెలియని ఓ ఊపిరి.

రెండు కంచాలతో వచ్చింది.
విరిగిన ముక్కలున్న కంచం నేను లాక్కున్నాను.
"అది నాదయ్యా."
ఈ పూటకి కాదు.
"ముళ్ళుంటాయి, సూసుకు తిను."
చూసుకునే తింటున్నాను.
మొదటిసారి ఇంత నెమ్మదిగా.

తల ఎవరిదన్న దగ్గర మాత్రం
ఇంకా తేలలేదు.
అన్నం చల్లారిపోతోంది.