ఒత్తులకి డబ్బుల్లేవు

కంచరపాలెం మెట్ట దిగాక
మూడో షట్టర్ నాది.
రేడియం అక్షరం పదిహేను రూపాయలు,
ఒత్తులకి డబ్బుల్లేవు.

"నన్ను చూసి ఏడవకురా" అని
నేను కోసి అంటించిన లారీలు
పోర్టు గేటు దగ్గర బొగ్గు దుమ్ములో
వరసగా కళ్ళు నులుముకుంటుంటాయి.
"కోపం వద్దు, హారన్ కొట్టు"
మా బావమరిది బండికి ఊరికే వేసిచ్చాను.
వాడికీ నాకూ ఏడాదిగా మాటల్లేవు.

మొన్న నూకరత్నం వచ్చింది
సెకండ్ హ్యాండ్ ఆటో తోలుకుంటూ.
వెనక అద్దం కింద "నాన్న బహుమతి".
"పీకీ బాబూ. మా అయ్య నాకిచ్చింది
ఇదొక్కటే" అని ముక్కు చూపించింది.
ఇద్దరం నవ్వాం.

బ్లేడుతో లేపాను,
కిరసనాయిలు గుడ్డతో తుడిచాను.
జిగురు పోయింది, మాట పోలేదు.
బీచ్ రోడ్డు ఎండకీ ఉప్పుగాలికీ
చుట్టూ పసుపు వెలిసిపోయింది గానీ
అక్షరాల కింద షోరూమ్ నాటి రంగే.
ఎవరి నాన్నో
ఇంకా కొత్తగా ఉన్నాడు.

నూకరత్నం ఆ "న్న" మీద వేలు పెట్టి
కాసేపు తియ్యలేదు.
"పెయింటేయించుకో" అన్నాను.
"దానికో ఖర్చా? ఉండనీ.
కింద నాది రాయి."
"ఏటి రాయమంటావు?"
"కిస్తీ నాది."

నాలుగక్షరాలు. అరవై.
"ఆ ఒత్తు తీసేసి యాభైకి రాయి" అంది.
బోర్డు చూపించాను.

రాత్రి తాటిచెట్లపాలెం వైపు పోతుంటే
వెనక బస్సు లైట్లు పడి
కిస్తీ తళుక్కుమంది.
పైన నాన్న మెరవలేదు.
తెలిసినవాళ్ళకి
కనిపిస్తాడు.