నడిమి పొర

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో
మా షెడ్డుకి ఆ కారు తాడు కట్టించుకోని వచ్చింది.
రెండే సీట్లు, నెత్తిన గుడ్డ టాపు,
నిరుటి ఎండుమిరపకాయ రంగు.
ట్రాక్టరు వెనక దిగేసరికి
దానికే సిగ్గేసినట్టుండాది.

బానెట్టు ఎత్తకముందే పెట్రోలు ముక్కు పట్టుకుంది.
కార్బురేటరు గిన్నె మూత అంచున
ఒక బొట్టు ఊరతాది, ఆగతాది, ఆలోచిస్తాది,
కిందుండే పొగగొట్టం మీదికి జారతాది.
ఇంజను వేడిమీదుంటే
ఈ కబురు చెప్పేదానికి నేనుండను.

"ప్యాకింగ్ పోయింది అబ్బయ్యా, అంతే" అన్నా.
శశిధర్ ముఖం చిన్నబోయింది.
మద్రాసులో అడిగినాడంట, బొంబాయికి రాసినాడంట,
సీమ నుంచి రావాలంటే ఆరు వారాలంట.
ఎల్లుండి గూడూరుకి కారు కొనేవాడొస్తాడు.

మిల్లీమీటర్ల పానాలు దీనికి పట్టవు.
మా గురువు మహబూబ్ బాషా పోతా పోతా ఇచ్చిన
ఇంచీ పానాల మూట విప్పినా.
మూడు స్క్రూలు. రెండు మర్యాదగా వచ్చినాయి.
మూడోదానికి కిరసనాయిలు పోసి
టీ తాగొచ్చేదాకా దాని మానాన దాన్ని వదిలేసినా.

మూత లేస్తే
పాత ప్యాకింగ్ మాడిన అప్పడం,
సగం మూతకి, సగం గిన్నెకి.
గీకతా ఖాదర్‌కి చెప్పినా:
"లోహాన్ని లోహం నమ్మదురా.
ఎంత నున్నగా రాసినా నడమ సందుంటాది.
ఆడ మెత్తగా ఒకటి పడుకోవాల,
రెండు పక్కలా నలిగినా
మాట బయటికి పోనీకుండా."
వాడు తలూపినాడు. చూపు మాత్రం స్టీరింగు మీద.

ఆయిలు పేపరు మూత మీద పరిచి
చిన్న సుత్తితో అంచెంబడి కొట్టుకుంటా పోతే
అంచే కత్తిరిస్తాది.
నలభై ఏళ్లుగా చేసేదే.
ఈ మధ్య కుడిచెయ్యి
నాకంటే ముందే వణకతా ఉంది.
మొదటిది చిరిగింది. రెండోది బెజ్జం కాడ తెగింది.
మూడోది చూసి ఖాదర్ పక్కకి తిరిగి దగ్గినాడు.

క్యారేజీ తెచ్చిన చెంగమ్మ
గిన్నెలు దించకుండా అట్నే నిలబడి చూసింది.
"ఇట్ల తే" అనింది.

పెళ్లికి ముందు పదకొండేళ్లు
సైదాపురం పక్క గని షెడ్డులో కూర్చోని
అబ్రకం రేకలు చీల్చిన చెయ్యి అది.
ఉల్లిపొర కంటే పల్చన,
కొడవలి మొనతో, విరక్కుండా, ఊపిరి బిగబట్టి.
సాయంత్రానికి జుట్టంతా తళుకులే,
కూలి మాత్రం మసక.
నెలకొకసారి షెడ్డు ముందు ఎర్రకారు ఆగేదంట,
లేచిన దుమ్ముకి ఆడోళ్లంతా
కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్లంట.
అది ఇదేనా అని నేనడగలా.
నెంబరు ప్లేటు వైపు ఒక్కసారే చూసింది.

బొటనవేలి గోరుతో అంచు చుట్టూ
కాగితానికి చూపు నేర్పింది.
తర్వాత సుత్తి, వాన మొదలయ్యేముందు రేకు మీద
చినుకులు పడినట్టు.
బెజ్జాలకి బేరింగు గోలీ పెట్టి
ఒకటి. ఒకటి. ఒకటి.
గుండ్రంగా లేచొచ్చిందా పొర,
వెలుతురుకి ఎత్తిపట్టి చూసింది,
అలవాటు, రేకలో మచ్చ వెతికే అలవాటు.

బిగించినా. మరీ బిగిస్తే చీలతాది,
వదిలితే కారతాది,
మణికట్టుకి తెలిసిన లెక్క అది.
తాళం తిప్పితే పంపు టిక్కుటిక్కుమని కొట్టుకోని,
గిన్నె నిండినాక గమ్మునయింది.
అంచున వేలు పెట్టి చూసినా.
పొడి.

ఇంజను రెండు దగ్గులు దగ్గి నిలకడకొచ్చింది.
సందులో పిలకాయలు పోగైనారు.
శశిధర్ పర్సు తీసి నా వైపు చూసినాడు.
"బిగింపు కూలి ఆయన చెప్తాడు.
ప్యాకింగ్ నాది, రెండొందల యాభై" అనింది చెంగమ్మ.
లెక్కపెట్టి తీసుకోని మడిచి దోపుకుంది.

కారు ట్రంకు రోడ్డెక్కిన చప్పుడు వినపడేదాకా
ఖాదర్ గడపలోనే.
చేపలపులుసు చల్లారిపోయుండాది.
అన్నం కలిపిన చేతిలో పెట్రోలు వాసన,
ఆమె చేతిలో కూడా.
ఇద్దరం ఏం మాట్లాడకుండా తిన్నాం.