ఒక చుట్టు దూరం

డాబా గార్డెన్స్‌లో మెట్ల కింద పోలరాజు కొట్టు.
కొక్కేలకి రెండు సైకిళ్ళు.
రెండూ సన్న టైర్లవే, రెండూ నా జీతాన్ని మించినవే.
"రిమ్ము బ్రేకే తీసుకోండమ్మా,
అంతా కంటికి అవుపడతాది. తీగ, రబ్బరు, చక్రం.
భీమిలి దారిలో పాడైనా మీరే బిగించేసుకోవచ్చు."
"మరి డిస్కు సంగతేటి?"
"అది లోపలి మనిషి.
గొట్టంలో నూనె ఏటి సేస్తాదో దానికే తెలుసు.
పళ్ళెం మీద వేలు పెడితే చాలు,
కీచుకీచుమని నెల్రోజులు అలుగుతాది."

నా పాతదీ రిమ్ముదే. పదకొండేళ్ళు.
అరిగిన రబ్బరూ ఎర్రమట్టీ కలిసి
పిక్క మీద నల్లటి చార,
కోర్టుకెళ్ళే ముందు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకునేదాన్ని.

ఒక ఆషాఢంలో సింహాచలం కొండ దిగుతున్నాను.
తడిసిన రిమ్ము వెంటనే పట్టదు.
ముందు తన నీళ్ళు తాను తుడుచుకుంటుంది,
ఒక పూర్తి చుట్టు,
ఆ తర్వాతే మన మాట.
ఆ చుట్టులో నాకు కనబడింది
ఒక అనాసపళ్ళ బుట్ట,
దాని వెనక పైకి లేచిన ముసలి చెయ్యి.
"ఆగవే!" అని అరిచాను, చక్రాన్ని.
ఆగింది.
ఒక పండు మాత్రం లోయ చూసుకుంది.
డబ్బులిస్తే ఆవిడ పుచ్చుకోలేదు,
కడుపునిండా తిట్టింది.

ఏది తేలిక, ఏది అందం, ఏది గాలిని కోస్తుంది,
ఆదివారాలు బీచ్ రోడ్డులో కుర్రాళ్ళు
ఇడ్లీలు చల్లారేదాకా వాదించుకుంటారు.
నా లెక్క వేరు.
నిరుడు చికున్‌గున్యా వచ్చి వెళ్ళింది,
వేళ్ళలో కొంచెం ఉండిపోయింది.
ముప్ఫై ఏళ్ళు జడ్జీల నోటి వెంట పరుగెత్తిన వేళ్ళు
ఇప్పుడు ఊరగాయ సీసా మూత దగ్గర ఓడిపోతున్నాయి.

అది చెప్పాక పోలరాజు ఇంకేం మాట్లాడలేదు.
డిస్కు సైకిలు కిందికి దించి, లీవరు నా వైపు తిప్పాడు.
ఒక్క వేలు.
చాలింది.
"సిరంజి కొన్నాలెండి, నూనె నానే ఎక్కిస్తాను" అన్నాడు
బిల్లు రాస్తూ.
"ఉప్పుగాలి రెండిట్నీ తింటాది,
దానికి పక్షపాతం లేదు."

నిన్న కైలాసగిరి దిగుతుంటే వాన.
మలుపులో కుక్క.
వేలు వంచానో లేదో చక్రం నిలబడిపోయింది.
నా నోరింకా "ఆగ" దగ్గరే ఉంది.
కుక్క నన్ను చూసింది, నేను కుక్కని.
మిగిలిన "వే" ఏం చెయ్యాలో తెలీక
కింద సముద్రం కేసి అనేశాను.

అది వినలేదు.