ఒక మాత్రకు ఈసీ

దస్తగిరి మింగాల్సిన మాత్ర చీటీ
నా రాతబల్ల సొరుగులో మూడు వారాలుండె.
విదేశం నుంచి రావాల, నెలకు లక్షా పదివేలు.
పోయిన శ్రావణంలో ఆ ధరకే
ఒక జత ఎద్దులకు కరారు రాసినా.
నెల తిరక్కుండా ఇంకో జత,
మళ్లీ ఇంకో జత.

ఉరవకొండ రిజిస్ట్రాఫీసు ముందర
ముప్పై ఏండ్లుగా ఒకే రేకు నీడ మాది.
నేను రాస్తే ఆయప్ప సాక్షి, ఆయప్ప రాస్తే నేను.
నేల కొనేవాడికి మేం చెప్పే మాట ఒకటే:
ముందు ఈసీ తీయించు, ఎవరి హక్కుందో చూడు.
మందుకు మాత్రం ఎందుకు తీయకూడదు?

గవిమఠం దారిలో నెట్ సెంటరు.
డబ్బా మీది పేరు కొడితే ఏమీ రాలే.
నిజమే కదా,
ఊరంతా పిలిచేది మొద్దప్ప అని,
అడంగల్లో ఉండేది వన్నూరుస్వామి.
మందుకూ ఒక అసలు పేరుంది,
నోట్లో గులకరాళ్లు వేసుకున్నట్టు పలకాల.
అది కొడితే, కంపెనీయే చేతులు మారిపోయింది:
అమ్మినోడొకడు, కొన్నోడొకడు,
మధ్యలో జీపీఏ హోల్డరు లాంటోడు ఇంకొకడు.

మాత్ర ఒకటే, సర్వే నంబర్లు నాలుగు.
అసలు పదార్థానికి
దాఖలు చేసిన దినం నుంచి ఇరవై ఏండ్ల పేటెంటు,
పోయిన ఉగాదికి ముందే తీరింది.
దాని ఉప్పుకు వేరే అర్జీ, తోసిపుచ్చినారు.
పలుకుల రూపానికి ఇంకొకటి,
ఏటేటా కట్టాల్సిన రుసుము కట్టక వాళ్లే వదులుకున్నారు.
నాలుగోది బతికే ఉంది. ఇంకా ఆరేండ్లు.
గుండె జారె.
తెర మీద వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటే
అది వేరే మందుతో కలిపి చేసే మాత్రకంట.
మనది కాదు. పక్క చేను.

"నాకు తెలిసినంతలో" అని కింద రాసుకున్నా,
తప్పులుంటే వకీలు చూడాల.
అయినా కంచె లేదు! ఆ రాత్రి నిద్ర రాలే.

పొద్దున మొదటి బస్సుకు అనంతపురం.
హోల్‌సేల్ మందుల రాజారత్నం
నా కాగితం ఆ పక్కా ఈ పక్కా తిప్పి,
"అడ్డం ఎవరూ లేరు స్వామీ, నిజమే.
చేసేవాడూ లేడు.
దేశమంతా ఏరినా ఈ రోగమోళ్లు ఎంతమంది?
దానికొక ఫ్యాక్టరీ నడుస్తాదా?" అనె.

తిరుగు బస్సులో కిటికీ పక్కన
గాలిమరలు తిరుగుతాండాయి, కింద బీడు.
తగాదా లేని రేగడి ఊరికే బీడు పడడం
నేను రాసిన ఏ దస్తావేజులోనూ లేదు.

అందుకే అర్జీ రాసినా.
పైన బిరుదులు,
మధ్యలో నాలుగు నంబర్లు, వాటి గతి,
చివర ఒకటే ముక్క: ఎవరైనా సరే, చేయండి.
అలవాటు కొద్దీ
సాక్షి అని కూడా ఒక గీత గీసి ఉంటి.

దస్తగిరి అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివె.
ఒక దీర్ఘం దిద్దె.
దగ్గు తగ్గినాక పెన్ను తీసుకుని
అర్జీదారు చోటు ఖాళీగా వదిలేసి
సాక్షి చోట సంతకం పెట్టినాడు.