నిశానీ

ఈ చలికి తడి తెలియదు.
మంచు కూడా ఇక్కడ పొడి పిండే,
పడ్డ చోట ఉండదు,
గాలి ఊడ్చుకుపోతుంది.
గోబీ అంచున మూడు వీధుల ఊరు,
ఊరికి ఒక్క గది బ్యాంకు,
గదికి ఒక్క కిటికీ, కిటికీ వెనక నేను.

ఉలాన్‌బాతర్ నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో
ఎవరూ నవ్వరేమిటా అనుకున్నాను.
ఉప్పు వేసిన పాల టీ చేతికిచ్చి
కళ్లతోనే పలకరించి ఊరుకునేవారు.
పొగరనుకున్నాను.
డిసెంబరు రెండో వారంలో
నా కింది పెదవి నిలువునా చిట్లాక తెలిసింది,
నవ్వు ఇక్కడ చూసి ఖర్చుపెట్టాల్సిన సొమ్మని.

నాలుకతో తడిపితే హాయిగానే ఉంటుంది,
అప్పు తెచ్చుకున్న హాయి.
అర నిమిషంలో గాలి వచ్చి
వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది.

"తడపకు పిల్లా" అని నాకు మొదట చెప్పింది నోర్జ్‌మా.
ఆవేళ మైనస్ ముప్పై రెండు.
మనవడి మోటారు సైకిలు వెనక
రెండు గొర్రెతోళ్ల మధ్య కూర్చుని వచ్చింది, పింఛను కోసం.

యంత్రం మీద బొటనవేలు పెట్టమన్నాను.
పెట్టింది. ఎర్ర దీపం.
అంగీ అంచుకు తుడిచి మళ్లీ పెట్టింది.
ఎర్ర దీపం.
అప్పుడు చూశాను ఆ వేలిని.
గీతలుండాల్సిన చోట గండ్లు,
లోపలి ఎరుపు కనబడేంత లోతు.
ఒకదాంట్లో మేక వెంట్రుక ఇరుక్కుని ఉంది.
పక్క వేలికి గొర్రె తోక కొవ్వు పట్టించి
నల్ల దారం చుట్టింది.
తెల్లవారుజామున దొడ్డి గొళ్లెం తీయబోతే
తోలు ఇనుముకే ఉండిపోయిందట.

"మీరు మీరేనా అని అడుగుతోందమ్మా" అన్నాను.
"ఎప్పటి నన్ను అడుగుతోంది?"
"వేసవిలో పది వేళ్లూ ఇచ్చారు కదా, ఆ నిశానీ."
"వేసవిలో నా చేతులు పొద్దంతా పాలల్లో ఉంటాయి.
ఆ మనిషి వేరు.
ఆమె కావాలంటే జూన్‌లో రమ్మను."

చూపుడు వేలు కాదంది యంత్రం. మధ్య వేలూ కాదంది.
సొరుగులోంచి నా లేపనం డబ్బీ తీసి
ఆమె వేళ్లకు నేనే రాశాను.
ఎక్కువ రాశానేమో,
వేలు జారింది గాని పని జరగలేదు.
చెయ్యి మార్చాం.
వెనక వరసలో ట్రక్కు డ్రైవరు దవాసురెన్
గట్టిగా దగ్గి గోడకేసి చూశాడు.

చివరికి ఎడమ చిటికెన వేలు మిగిలింది.
"దానికేం తెలుసు, పనిదొంగ" అంది నోర్జ్‌మా.
తాడు లాగదు, పాలు పితకదు,
ఎండిన పేడ ఏరేటప్పుడు కూడా ఎడంగా నిలబడుతుందట,
పెళ్లికి వచ్చిన చుట్టంలా.
పెట్టింది.
పచ్చ దీపం.

ఒక్క క్షణం గదిలో ఎవరం కదల్లేదు.
అరవై ఏడేళ్లు మందను మోసిన తొమ్మిది వేళ్లను కాదని
ఏ పనీ ఎరగని వేలి సాక్ష్యం చెల్లింది.
ముందు ఆమె నవ్వింది,
పెదవి అరచేత్తో అదిమి పట్టుకుని.
తర్వాత దవాసురెన్, భుజాలతో.
నేను ఆపుకోవాలనే చూశాను.

మానుతున్న పగులు మళ్లీ తెగింది.
రసీదు మీద ఒక చుక్క పడింది,
ముద్ర వేయాల్సిన చోటికి కాస్త పక్కగా.
కాగితం మార్చి ఇస్తానన్నాను.
వద్దంది.
"నాది మీ యంత్రం దగ్గరుంది,
నీది నా దగ్గరుండనీ"
అని నాలుగు మడతలు పెట్టి రొమ్ములో దాచుకుంది.

పోతూ పోతూ బల్ల మీద
పాత వార్తాపత్రికలో చుట్టిన కొవ్వు ముద్ద ఒకటి వదిలింది.
"ఆ డబ్బీ పారెయ్. ఇది రాసుకో. వాసన వస్తుంది, చావవు."

రాసుకున్నాను.
సాయంత్రం బ్యాంకు తాళం వేసి బయల్దేరితే
ఎన్నడూ నన్ను లెక్కచేయని వీధి కుక్క
ఇంటి గుమ్మం దాకా
మర్యాదగా సాగనంపింది.